ఓడిన మర్నాడు కిల్కెన్నీ కోటలో

శంకర్రావు ముంబైలో, ఫాక్‌లాండ్ రోడ్డులో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పనిచేస్తాడు. పెళ్లికి ముందు చేరినవాడు, తల నెరిసినా అక్కడే ఉన్నాడు. దుకాణం గోడల నిండా దేవుళ్ల పటాలు, దండ కోసం ఎదురుచూసే పెద్దవాళ్ల ఫొటోలు. వాటి మధ్య ఎవరూ తీసుకుపోని పటం ఒకటుంది. ఏనాడో ఒకాయన కట్టమని ఇచ్చి మళ్లీ రాలేదు. నది ఒడ్డున బూడిదరంగు రాతికోట, మూడు గుండ్రటి బురుజులు, కింద ఇంగ్లీషులో ఊరి పేరు, కిల్కెన్నీ, ఐర్లండ్ అని. పటం విప్పేసి ఆ ఫ్రేము ఇంకెవరికైనా వాడదామని సేటు అన్నప్పుడల్లా శంకర్రావు ఏదో ఒకటి చెప్పి ఆపేవాడు. రోజూ దుమ్ము తుడిచీ తుడిచీ ఆ కోట అతనికి ఒంటిగది ఇళ్ల వరసలుండే పక్క చాల్ అంత పరిచయమైపోయింది.

కాబట్టి చెల్లెలి కూతురు దర్శన ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో క్యారమ్ పోటీలకు వెళ్లే జట్టులోకి ఎంపికైందని తెలిసిన సాయంత్రం, చాల్ అంతా పెద్దపెద్దగా మాట్లాడుతుంటే, శంకర్రావు ఒక్కడే మూలన కూర్చుని ఫోనులో ఆ ఊరి పేరు వెతికించుకున్నాడు.

"డబ్లిన్ నుంచి సీదా రైలున్నది" అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

దర్శనకు ఆట నేర్పింది అతనే. కామాటిపుర పదకొండో గల్లీలో, తాతలనాడు రాళ్లు మోసి, ఇళ్లు కట్టి స్థిరపడిన తెలుగువాళ్లు పెట్టుకున్న మండలి గది ఒకటుంది. గణపతి పండగ సామాన్లు, మడత కుర్చీలు, మధ్యలో వేలాడే బల్బు కింద ఒక క్యారమ్ బోర్డు. బోర్డు అందని వయసులో దర్శనను రెండు దిండ్ల మీద కూర్చోబెట్టి, "మోచెయ్యి కదలొద్దు, వేలు ఒక్కటే కదలాలె" అని చెప్పడంతో మొదలైంది. అప్పటినుంచి శంకర్రావు సాయంత్రాలన్నీ ఆ బల్బు కిందే గడిచాయి. భార్య మంగళ అన్నం వేడిచేసి వేడిచేసి విసిగిపోయి, పళ్లెం అక్కడికే పంపడం మొదలుపెట్టింది. దర్శన పెద్దదైంది, గ్రాంట్ రోడ్డు దగ్గర ఒక డయాలిసిస్ సెంటరులో టెక్నీషియన్‌గా చేరింది. డ్యూటీ దిగి నేరుగా మండలి గదికి వచ్చేది. రాష్ట్రం తరఫున ఆడింది, కప్పులు తెచ్చింది. ఐర్లండుకు జట్టుతో పాటు కోచ్ హోదాలో అతన్నీ పంపారు. అరవై ఏళ్లకు మొదటిసారి విమానం ఎక్కాడు.

డబ్లిన్‌లో దర్శన క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయింది.

ఓడిన తీరే బాధ. ఆఖరి బోర్డు. ఎర్ర బిళ్ల రాణి పడింది, దాన్ని ఖాయం చేసే కవరూ వెంటే పడింది. గెలవడానికి ఒక్క తెల్ల బిళ్ల, ఒక్క గోటీ మిగిలింది, అదీ మూల బొక్కకు ఆనుకుని. మండలి గదిలో నిద్రకళ్లతో వేసే గోటీ. దర్శన వేలు సారించి, ఒక్క క్షణం ఆగి, కొట్టింది. గోటీ పడింది, దాని వెనకే స్ట్రైకరూ పడిపోయింది. పడిన గోటీతో పాటు తప్పుకు దండుగగా ఇంకొకటి, డ్యూ, బోర్డు మీదికి తిరిగొచ్చింది. అవతల కూర్చున్న శ్రీలంక అమ్మాయి ఆ తర్వాత ఒక్క తప్పూ చేయలేదు.

ఆ రాత్రి దర్శన ఏమీ తినలేదు. మర్నాడు సెలవు. జట్టంతా బజార్లు చూడబోయింది. అతను మేనకోడలి గది తలుపు తట్టి, "చల్ బిడ్డా, కోట చూసొద్దాం" అన్నాడు.

"నువ్వు పో మామా. నాకు మూడ్ లేదు."

"నాకు ఇంగ్లీషు రాదు. రైలు తప్పితే ఏడికి పోతనో ఏమో."

అతనికి ఏ ఊళ్లోనూ రైలు తప్పదని ఆమెకు తెలుసు. అయినా లేచి బూట్లు వేసుకుంది.

రైల్లో ఇద్దరూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. బయట సన్నగా వాన పడుతోంది. ఎక్కడ చూసినా పచ్చిక, దాని మీద తలెత్తకుండా మేసే గొర్రెలు. దర్శన నుదురు అద్దానికి ఆనించి కూర్చుంది. ఓడిన బాధ రెండు రోజులుంటుంది, మూడో రోజు తనే బోర్డు అడుగుతుందని శంకర్రావు ధైర్యం. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూడలేదు!

కిల్కెన్నీలో దిగేసరికి వాన వెలిసింది. స్టేషన్ నుంచి పల్లంగా దిగిన రోడ్డు ఒక వంతెన మీదికి తీసుకొచ్చింది. వంతెన మధ్యలో శంకర్రావు తల తిప్పాడు. తిప్పినవాడు అక్కడే ఆగిపోయాడు. ఎడమపక్కన నది మెల్లగా పారుతోంది. ఒడ్డున చెట్ల మీదుగా కోట లేచి నిలబడింది. బూడిదరంగు రాయి, గుండ్రటి బురుజులు.

"ఉన్నది బిడ్డా" అన్నాడు, లేదని ఎవరో వాదించినట్టు.

"ఉండక ఏడికి పోతది మామా" అంది దర్శన. నిన్నటి నుంచి ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు లాంటిది కనిపించింది.

కోట దగ్గరికి వెళ్తే పటంలో తెలియని సంగతి ఒకటి తెలిసింది. నాలుగు వైపులా మూసి ఉండాల్సిన కోటకు ఒక వైపు గోడే లేదు. మూడు వైపుల కట్టడం, నాలుగో వైపు సరాసరి విశాలమైన పచ్చిక. ఆ పచ్చిక మీద పిల్లలు బంతి ఆడుతున్నారు, ఎవరిదో కుక్క గుండ్రంగా పరుగెడుతోంది. తలుపు దగ్గర నిలబడిన పెద్దాయనను దర్శన అడిగితే, ఎప్పుడో మూడు వందల డెబ్బై ఏళ్ల కిందట యుద్ధంలో ఫిరంగులకు ఆ వైపు దెబ్బతిన్నదని, తర్వాత ఎవరూ తిరిగి కట్టలేదని చెప్పాడు. కోటలో ఒకే వంశం వాళ్లు వందల ఏళ్లు ఉండి, చివరికి దాన్ని ఊరివాళ్లకే అప్పగించి పోయారట. దర్శన అతను చెప్పినదంతా మామకు తెలుగులో చెప్పింది. ఇంట్లో ఆమె సగం మరాఠీ, సగం హిందీ మాట్లాడుతుంది. తెలుగు అమ్మ తిట్టినప్పుడు వినడానికే అన్నట్టుండేది. ఇక్కడికి వచ్చాక, చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాకుండా మాట్లాడాలంటే తెలుగే పనికొచ్చి, నాలుగు రోజుల్లో నాలుక తిరిగింది.

లోపల మెట్లెక్కి, గదులు దాటి, ఒక పొడవాటి హాల్లోకి వచ్చారు. పైకప్పు మొత్తం చెక్క, దాని మీద పువ్వులూ తీగలూ పక్షులూ రంగులతో వేశారు. రెండు పక్కలా గోడల నిండా నిలువెత్తు మనుషుల చిత్రాలు. లేసు కాలర్లు, పెద్ద పెద్ద టోపీలు, తెల్లటి చేతులు. శంకర్రావు మనుషులను చూడలేదు, వాళ్ల చుట్టూ ఉన్న ఫ్రేములు చూశాడు. దగ్గరికి పోయి, తాడు దాటకుండా నడుము వంచి, మూలలు చూశాడు.

"జర చూడు, మూల ఎట్ల కలిపిండో. అతుకు కనపడ్తలేదు. దీనికి ఒక్కొక్కదానికి నెల పట్టి ఉంటది. మన సేట్ చూస్తే మూర్ఛపోతడు."

ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు, చిన్నపిల్లవాడిలా హాలు పొడవునా నడిచాడు. ఇంత సంతోషంగా అతను ఈ మధ్య ఎప్పుడూ లేడు. వెనక్కి తిరిగి ఇంకేదో చూపించబోయాడు. దర్శన హాలు మధ్యలో బెంచీ మీద కూర్చుని ఉంది.

"మామా, నేను ఇంక ఆడను."

"మంచిది, నెల రోజులు ఆడకు. రెస్ట్ తీస్కో."

"నెల కాదు. బంద్. ఇంక పోటీలకు పోను."

శంకర్రావు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఒక్క గోటీకి ఇంత కోపమా? నేషనల్స్‌లో నీకంటే పెద్దోళ్లకు డ్యూ పోయింది చూడలేదా?"

"నిన్నటి సంగతి కాదు మామా. రెండేళ్లాయె నాకు ఆడబుద్ధి కాక."

"రెండేళ్లా?"

"ఊఁ."

"మరి ఎవరి కోసం ఆడినవ్?"

దర్శన తల తిప్పి అతన్నే చూసింది. వేరే చెప్పాల్సిన పనీ లేదు. శంకర్రావు ఎదుటి గోడ మీద ఉన్న పెద్దమనిషి ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఈ రెండేళ్ల సాయంత్రాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. డ్యూటీ దిగి, కళ్ల కింద నల్లటి చారలతో ఆమె మండలి గది గడప దాటడం. తను పౌడరు చల్లి, స్ట్రైకరు ముందుకు జరపడం. ఆమె ఏమీ అనకుండా కూర్చోవడం. అలసట అనుకున్నాడు. నిజానికి ఏమనుకున్నాడో కూడా సరిగా తెలియదు, ఆమె వచ్చింది, అంతే చాలనుకున్నాడు.

"చెప్తే అయిపోతుండె గదా" అన్నాడు చివరికి.

"నీ మొఖం చూసి చెప్పలేకపోయిన."

అతను లేచాడు. హాలు చివరికి నడిచి, మెట్లు దిగి, బయటికి వచ్చేశాడు. దర్శన కొంచెం దూరంలో వెనకే వచ్చింది.

కోట నుంచి ఊళ్లోకి పోయే వీధి పాతది. సన్నటి రోడ్డు, ఇరుపక్కలా రంగురంగుల దుకాణాలు, మధ్యమధ్యలో వందల ఏళ్ల నాటి రాతి ఇళ్లు. ఒకచోట రెండు ఇళ్ల మధ్య కమాను కింద ఒక సందు కిందికి దిగుతోంది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తుకోవాల్సిందే. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్లు కూర్చుని వెన్న అమ్మేవారట, బోర్డు మీద రాసి ఉంది. ఇంకో రోజైతే శంకర్రావు ఆగి, మన గల్లీ ఇంతకంటే వెడల్పు అని లెక్కలు చెప్పేవాడు. ఇవాళ సందులోకి ఒకసారి చూసి ముందుకు నడిచాడు. దర్శన బోర్డు చదివి వినిపించబోయి ఊరుకుంది.

వీధి చివర, కొంచెం ఎత్తున, ఒక పెద్ద చర్చి, దాని పక్కనే ఒంటరిగా ఒక రాతి గోపురం. సన్నగా, గుండ్రంగా, మిల్లు పొగగొట్టంలా నిటారుగా లేచి ఉంది. కోట కంటే పాతదట, వెయ్యేళ్ల పైమాటే. పైకి ఎక్కనిస్తారు. టికెట్టు చూసే అమ్మాయి శంకర్రావు వైపు చూసి, లోపల మెట్లు నిచ్చెనల్లా ఉంటాయని, కష్టంగా ఉంటే ఎక్కవద్దని దర్శనతో చెప్పింది.

"ఏమంటుంది?" అన్నాడు శంకర్రావు. వీధి మొత్తంలో అదే మొదటి మాట.

"నీ నొప్పి మోకాలికి నకో, వద్దంటుంది."

"మోకాలు నాది" అని అతను లోపలికి దూరాడు.

లోపల చీకటి, చెక్క వాసన. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు నిటారుగా చెక్క నిచ్చెన, మళ్లీ నిచ్చెన. మధ్యలో గోడలో చిన్న కన్నం, అందులోంచి వెలుగు. కోపం ఉన్నంతసేపు శంకర్రావుకు మోకాలు గుర్తు రాలేదు. ఆఖరి కన్నంలోంచి తల పెట్టి పైకి వచ్చి నిలబడ్డాడు. నడుము ఎత్తు పిట్టగోడ, చుట్టూ గాలి. కింద ఊరంతా పరిచి ఉంది. ఎర్రటి, నల్లటి ఇంటి కప్పులు, మెరిసే నది, అవతలి చివర అతని కోట, దాని గోడ లేని వైపు పచ్చిక. నల్లటి పక్షులు వాళ్ల కాళ్ల కిందుగా ఎగురుతున్నాయి.

"ఎంత బాగుంది మామా" అంది దర్శన.

శంకర్రావు తల ఊపాడు. అప్పుడే కిందికి చూశాడు. పిట్టగోడ రెండు చేతులా పట్టుకున్నాడు.

దిగే సమయానికి పరిస్థితి ఇంకా పాడైంది. నిచ్చెన వైపు తిరిగి, వెనక కాలు కిందికి పెట్టాలి. కాలు గాలిలో వెతికింది, మెట్టు దొరకలేదు. మళ్లీ పైకి తీసేశాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. చేతులు చెమటకు జారుతున్నాయి. కింది అంతస్తులో ఎవరో పైకి రావడానికి ఎదురుచూస్తున్నారు. మాటలు వినిపిస్తున్నాయి.

"నాతోని కాదు బిడ్డా" అన్నాడు. "నువ్వు దిగిపో. నేను జర ఆగి వస్త."

"ఆగు." దర్శన అతని పక్కనుంచి ఒదిగి ముందు తను దిగింది. రెండు మెట్లు కింద నిలబడి అతని మడమ పట్టుకుంది. "కిందికి చూడకు. గోడ దిక్కు చూడు. ఇగో, నీ కాలు నా చేతిల ఉన్నది. వదులు."

"పడ్తనే..."

"పడవు. బరువు నా చేతి మీద వెయ్. బరోబర్. మెట్టు తగిలిందా? ఇప్పుడు రెండోది."

కిందివాళ్లకు ఆమె ఇంగ్లీషులో ఏదో చెప్పింది. వాళ్లు సరేనని గోడ పక్కకు ఒదిగారు. అలా ఒక్కొక్క కాలూ ఆమె అరచేతిలోంచి మెట్టు మీదికి దిగింది. మధ్యలో ఒకచోట శంకర్రావు ఆగిపోతే ఆమె తొందరపెట్టలేదు. "ఊపిరి తీస్కో. మనకేం గడబడ లేదు" అంది. ఆ గొంతు అతనికి కొత్త. ఇంట్లో విసుక్కునే పిల్ల గొంతు కాదు, బోర్డు ముందు పళ్లు బిగించే గొంతూ కాదు. ఈ గొంతుతోనే రోజూ మంచాల మీద ఉన్నవాళ్లతో మాట్లాడుతుందన్నమాట, అనుకున్నాడు. ఆమె పనిచేసే చోటికి తను ఒక్కసారీ పోలేదు.

బయటికి వచ్చాక సమాధుల మధ్య గడ్డిలో ఒక బెంచీ మీద కూలబడ్డాడు. దర్శన సంచీలోంచి నీళ్లు ఇచ్చింది. తర్వాత హోటలు నుంచి తెచ్చిన రొట్టె తీసి, మంగళ కట్టి ఇచ్చిన పల్లీల పొడి దాని మీద చల్లి చేతిలో పెట్టింది. ఇద్దరూ తిన్నారు. ఎండ మబ్బులోంచి వచ్చి పోతూ ఉంది.

"నీ చెయ్యి వణకలేదు" అన్నాడు శంకర్రావు.

"ఎప్పుడు?"

"నా కాలు పట్టుకున్నప్పుడు."

దర్శన నవ్వింది. "సెంటర్ల కూడా వణకదు మామా. సూది పెట్టాలంటే పేషంట్లు దర్శనా దీదీనే కావాలంటరు. ఒక ముసలి ఆజీ ఉన్నది, నేను రానిదే కుర్చీల కూర్చోదు." చేతికంటిన పొడి దులుపుకుంది. "బోర్డు ముందటనే వణుకుతది. నిన్న గూడ గదే అయింది. గోటీ కనిపిస్తలేదు, వెనక కూసున్న నువ్వు కనిపిస్తున్నవ్."

ఆ మాట శంకర్రావుకు గుచ్చుకుంది. కానీ ఇందాకటి కోపం ఎక్కడ పెట్టాడో వెతికితే దొరకలేదు. గోపురం మీదే పోయినట్టుంది.

"అయితే బంద్ చెయ్ బిడ్డా" అన్నాడు. "నేనే చెప్తున్న. బంద్ చెయ్."

"కోపంతోని అంటున్నవా?"

"కోపం లేదు. బాధ ఉన్నది, అది పోతది." రొట్టె ముక్క చివరిది నోట్లో వేసుకున్నాడు. "కానీ మండలోళ్లకు నువ్వే చెప్పాలె. మండలిల ఆ పెంటయ్య నన్ను తినేస్తడు."

"నేనే చెప్త. ఇంకోటి... సెంటర్ల సీనియర్ పోస్టుకు నా పేరు పెట్టిన్రు. సాయంత్రం షిఫ్టు. ప్రాక్టీస్ ఉందని వద్దన్న."

"ఎన్నిసార్లు వద్దన్నవ్?"

ఆమె వేళ్లు రెండు చూపించింది. శంకర్రావు కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పక్క బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ వీళ్లను చూసి తనూ నవ్వింది.

రైలుకు ఇంకా టైముంది. వెనక్కి వస్తూ వెన్న సందులో దిగారు, ఎక్కారు. శంకర్రావు చేతులు చాచి గోడలు కొలిచాడు. మన గల్లీయే వెడల్పని తేల్చాడు. కోట పచ్చిక మీద పిల్లలు ఇంకా ఆడుతున్నారు. వాళ్ల బంతి కాళ్ల దగ్గరికి దొర్లితే దర్శన గట్టిగా తన్నింది. అది ఎటో పోయింది.

ముంబై తిరిగి వచ్చిన ఆదివారం దర్శన మండలి గదిలో అందరి ముందు నిలబడి సంగతి చెప్పింది. కొందరు బాధపడ్డారు, కొందరు వాదించారు. పాలమూరు నుంచి కూలిపనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన పెంటయ్య అయితే శంకర్రావును పట్టుకుని, "నువ్వన్న చెప్పరాదా!" అని గట్టిగా అరిచాడు. శంకర్రావు అతని భుజం మీద చెయ్యి వేసి, కోట గురించి చెప్పడం మొదలుపెట్టాడు. గోడ లేని వైపు దగ్గరికి వచ్చేసరికి పెంటయ్య అరుపు మరిచి, "మరి తిరిగి ఎందుకు కట్టలె?" అని అడిగాడు. రాతిపని చేసే వంశాల వాళ్లు నలుగురు చేరి, కట్టాలంటే ఎన్నాళ్లు పడుతుందో, ఎంతమంది కావాలో అర్ధగంట మాట్లాడుకున్నారు.

దర్శన సాయంత్రం షిఫ్టుకు మారింది. మొదటి వారం శంకర్రావుకు సాయంత్రాలు ఏం చేయాలో తోచలేదు. దుకాణం మూశాక అలవాటుగా మండలి గదికి పోయేవాడు, ఖాళీ బోర్డు చూసి ఇంటికి వచ్చేవాడు. మంగళ వేడి అన్నం పెట్టి, "చూడు, పెళ్లయినాక మొదటిసారి నాతోని కూసుని తింటున్నవ్" అని వెక్కిరించింది. తినడం బాగానే ఉంది. కానీ ఎనిమిదైతే స్ట్రైకరు పట్టాలని చెయ్యి ఊరికే ఉండేది కాదు.

ఒకరోజు భార్యకు చెప్పకుండా గ్రాంట్ రోడ్డు వైపు నడిచాడు. డయాలిసిస్ సెంటరు అద్దాల తలుపు బయట నిలబడి లోపలికి చూశాడు. వరుసగా కుర్చీలు, యంత్రాలు, రక్తం మెల్లగా తిరిగే గొట్టాలు. చివరి కుర్చీ దగ్గర ఆకుపచ్చ డ్రెస్సులో దర్శన, ఒక ముసలామె చేతి మీద వంగి ఉంది. మోచెయ్యి కదలడం లేదు. ముసలామె ఏదో చెబుతోంది, దర్శన తల ఎత్తకుండానే జవాబిస్తోంది. కాసేపటికి పని అయింది. ఆమె నడుము సాచి, తల తిప్పి, తలుపు అవతల మామను చూసింది.

"అరే మామా! ఏమైంది, అత్తకు బాగలేదా?" అంటూ కంగారుగా బయటికి వచ్చింది.

"అందరికీ బాగనే ఉన్నది. ఇట్ల పోతుంటే చూద్దామని."

"ఇట్ల ఏడికి పోతున్నవ్?"

శంకర్రావుకు అబద్ధం తట్టలేదు. "ఏడికీ లేదు" అన్నాడు. "నువ్వు పని చేసుకో. ఇగో, ఈ కుర్చీల కూసుంటే ఎవరన్న ఏమన్న అంటరా?"

"ఎవరూ ఏమనరు. చాయ్ తెప్పియ్యనా?"

"తెప్పియ్" అని అతను బంధువులు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ఎవరి భర్తో ఒకాయన పేపరు చదువుతున్నాడు. శంకర్రావు ఆయనను ఏ ఊరని అడిగాడు, ఆయన చెప్పాడు. ఆయన ఇతన్ని అడిగాడు. చాయ్ వచ్చేసరికి శంకర్రావు కిల్కెన్నీ సంగతి చెప్తూ వంతెన దాటి కోట లోపలిదాకా వచ్చేశాడు.

ఆ తర్వాత వారానికి ఒకటి రెండు సాయంత్రాలు అలాగే అక్కడికి పోయి కూర్చోవడం అలవాటైంది. మిగిలిన సాయంత్రాలు మండలి గదిలో పెంటయ్యతో ఆడేవాడు. పెంటయ్యకు ఆట రాదు, నేర్చుకోవాలనే తొందరా లేదు. గోటీ పడితే ఇద్దరూ సంతోషించేవాళ్లు, పడకపోతే పెంటయ్య బోర్డుదే తప్పనేవాడు.